తడి గోనె

తడి గోనె వాసన తగిలితే ఇప్పటికీ నా తల వంగిపోతుంది. మొన్న ఓడలరేవులో శిక్షణ తరగతికి ముందు బకెట్లో గోనెసంచి ముంచి నా బల్ల పక్కన పెట్టారు. పెట్టమన్నది నేనే. అయినా ఆ వాసనకి సత్తియ్య మావయ్య ఎదురుగా నిలబడినట్టయింది.

ఆయన మా సూరచేపల (ట్యూనా) బోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. నాకు చుట్టమేమీ కాదు, మా పేటలో అందరికీ మావయ్యే. డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క బోటెక్కిన నాకు తాడు ముడి దగ్గర్నుంచీ అన్నీ విసుక్కోకుండా నేర్పారు. మన దేశపు హద్దు దాటి, ఏ దేశానికీ చెందని నీళ్లలోకి పోయి, మైళ్ల పొడవు తాడుకి గాలాలు కట్టి వదిలేవాళ్లం. ఒక ఉదయం నా గాలానికి తాబేలు తగిలింది. ఎండ ముదిరేలోగా పని తెమలాలని, దవడలో దిగిన గాలాన్ని కాలు అడ్డంపెట్టి లాగాను. నెత్తురొచ్చింది. ఇక్కడ మనల్ని అడిగేవాడెవడు అని కూడా అన్నాను. మావయ్య ఇంజను ఆపేసి వచ్చారు.

“ఎవరిదీ కాదనా అలా లాగేత్తన్నావు? మీ దొడ్లో దూడయితే ఇలాగే లాగుతావేంట్రా శీనూ?”

ముక్కుకి అడ్డం రాకుండా, దాని కళ్ల మీద తడి గోనె కప్పారు. అది కొట్టుకోవడం మానేసింది. గాలం ముల్లు కత్తిరించి మెల్లగా తీసి, తాబేలు తేరుకున్నాక నీళ్లలో వదిలారు. ఈలోగా తాడు మీది చేపల్ని సొరలు కొరికేశాయి. ఒడ్డుకొచ్చాక యజమాని తిట్లన్నీ ఆయనే పడ్డారు, నా పేరు ఎత్తలేదు.

తరవాత నాకు ఈ ఉద్యోగం వచ్చింది. అంతర్జాతీయ జలాల్లో చేపల్నీ తక్కిన జీవాల్నీ ఎలా కాపాడాలో బోటు మనుషులకి చెప్పడం నా పని. ఒప్పందాలూ నియమాలూ చదివితే ఆవలించేవారు, తాబేలు కథ చెబితే నిటారుగా కూర్చునేవారు. కాకపోతే నా కథలో గాలం లాగింది మా మొరటు సరంగు, ఆపింది నేను. మొదటిసారి నోరు జారిందనుకున్నాను. చప్పట్ల రుచి మరిగాక దిద్దుకోలేదు.

మలికిపురంలో ఒకసారి ఆ కథ ముగించి తలెత్తితే, చివరి వరుసలో మావయ్య ఉన్నారు. మా పేటవాళ్లు ఆయన్ని చూసి నవ్వుతున్నారు. అందరూ వెళ్లాక ఆయన గుమ్మం దగ్గర ఆగారు.

“మావయ్యా, అదీ...”

“బాగానే చెప్పేరండీ. గోనె సంగతి మర్చిపోయేరు. కళ్లు కప్పకపోతే బెదిరిపోయి పెనుగులాడతాది, గాలం ఇంకా లోనికి దిగిపోతాది. ఈసారి అది కూడా చెప్పండి.”

“చెబుతానండి.”

“ఆయ్,” అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నన్ను ఒరే అని తప్ప పిలిచి ఎరగని మనిషి. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. తన పరువు ఊసే ఎత్తకుండా తాబేలు గురించి చెప్పి వెళ్లారు. క్షమించమని అడగాలి, ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే రోజులు గడిపాను. చివరికి వెళ్లింది ఆయన పెద్దకర్మకి.

మొన్న గోనె పైకెత్తి ఎలా కప్పాలో చూపించాను. ముందు వరుసలో ఒకాయన అడిగారు.

“ఇది తమరికెవరు నేర్పేరండీ?”

“అనుభవమండి,” అన్నాను.

సిగ్గుతో ఇది రాస్తున్నాను. నేర్పింది సత్తియ్య మావయ్య. గాలం లాగింది నేను. కాగితం మీద ఈ ముక్క తేలిగ్గానే వచ్చింది. ఎల్లుండి అంతర్వేదిలో తరగతి ఉంది, అక్కడ నోటితో చెప్పాలి.