పెద్ద ఇంజను, ఉతకని సంచులు

కొత్తగా పెళ్లయిన మగవాడికి అత్తవారి కళ్లలో పడాలనే యావ ఒకటి పట్టుకుంటుంది. అది ఒక్కొక్కరికి ఒక్కో రూపంలో వస్తుందేమో గాని, నాకు మాత్రం ఇంజను రూపంలో వచ్చింది. ఆ రోజుల్లో నేను గుంటూరులో ఒక విత్తనాల కొట్టులో గుమాస్తాని. మా పెద్దనాన్న వాడి వాడి వదిలేసిన అంబాసిడర్ కారు నా చేతికొచ్చింది. వయసులో అది నాకంటే పెద్దది. దాని పెట్రోలు ఇంజను ఎప్పుడో అలిసిపోయింది. మా వైపు పత్తిచేలూ మిరపచేలూ తప్ప మిట్టపల్లాలు లేవు గనక నెట్టుకొచ్చాను గాని, ఊళ్లో ఫ్లైఓవరు ఎక్కాలంటే వెనక సీటులో కూర్చున్నవాళ్లు దిగి నడవాల్సిందే. (మా ఆవిడ రెండుసార్లు నడిచింది. రెండోసారి నాకంటే ముందే అవతలికి చేరి, సోడా తాగుతూ కనిపించింది.) అద్దంకిలో మా మామగారికి గుంటూరు మార్కెట్ యార్డుకు మిర్చి తోలే లారీలు రెండున్నాయి. బండి చప్పుడును బట్టి మనిషిని అంచనా వేసే రకం ఆయన. ఈ కారుతో ఆయన గుమ్మం ముందు దిగడం నావల్ల కాదనిపించింది. కొత్త కారు కొనే స్తోమత లేదు. అందుకని ఆ కార్లోనే పెద్ద డీజిల్ ఇంజను పెట్టించాలని నిర్ణయించుకున్నాను.

పెదకాకాని రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. అందరూ భాయ్ అనేవాళ్లు. ఒకరి దగ్గర పదేళ్లు పనిచేసి, అంతకు ముందు ఏడాదే సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. పాతసామాన్ల వాడి దగ్గర ఒక సరుకుల వ్యాను ఇంజను చవగ్గా దొరికితే దాన్ని ఆటోలో వేసుకుని అతని ముందు దింపాను. భాయ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నా కారు బానెట్టు ఎత్తి చూసి, ఏనుగుని మేకల దొడ్లో కట్టేయమంటున్నావు బాబూ అని నవ్వాడు. అయినా కట్టేశాడు. పురికొసతో కొలతలు తీసుకుని, ఇంజనును పట్టి ఉంచే పాత ఇనప ఆధారాలు కోసేసి కొత్తవి వెల్డింగు చేశాడు. రేడియేటరును ముందుకు జరిపాడు. వెనక చక్రాలను తిప్పే పొడుగాటి షాఫ్టును కోసి పొట్టి చేయించాడు. మూడు వారాలు పట్టింది. అతను ఏ సామాను కొత్తది కావాలన్నా నేను పాతదే వాడదామనేవాణ్ణి. చివరికి నాకు పాతదే బాబు అని పేరు పెట్టాడు. పని ముగింపుకొచ్చిన రోజున చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి, ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటలా మెల్లిగా అన్నాడు.

"పని నచ్చితే మీ మామగారికి నా పేరొక్కసారి చెప్పు బాబూ. ఆ లారీలు యార్డుకొచ్చినప్పుడల్లా నా షెడ్డుకొస్తే చాలు, నేను నిలబడిపోతాను."

తప్పకుండా చెప్తానన్నాను. (ఆ వయసులో నేను తప్పకుండా అన్న మాటలన్నీ ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది.)

ఇక మిగిలింది ఒకటే. డీజిల్ ఇంజను వేడీ రొదా లోపలికి రాకుండా కాళ్ల కింద మందపాటి దుప్పటి లాంటిది పరవాలన్నాడు భాయ్. దాని ధర విని నేను, మందపాటి గోనెసంచులు సరిపోవా అన్నాను. సరిపోతాయి గాని శుభ్రంగా ఉతికి ఎండేసి తెమ్మన్నాడు. మా వైపు గోనెసంచులకు కొదవేముంది! మా కొట్టు వెనక గోడౌనులో మిర్చి సంచులు ఖాళీవి గుట్టగా పడుంటాయి. ఆరు తెచ్చుకున్నాను. ఉతకడానికి బద్ధకించి, ప్రహరీగోడకేసి రెండేసి దెబ్బలు కొట్టాను. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది. భాయ్ వాటిని అందుకుంటూ ఉతికినవేనా అని అడిగాడు. రెండు నీళ్లలో ఉతికానని చెప్పాను. అతను ఒక తుమ్ము తుమ్మి, పరిచేశాడు.

ఆ వారమే అద్దంకిలో మా మరదలి నిశ్చితార్థం. యార్డు పనిమీద గుంటూరు వచ్చిన మామగారిని నా కార్లోనే తీసుకెళ్తానని పట్టుబట్టాను. ఆయన ముందు సీటులో, మా ఆవిడ వెనక పళ్ల బుట్టలతో. చెవిలో గాలి పడదని ఆయన అద్దాలన్నీ పైకెత్తించారు. కారు నిజంగా దూసుకుపోయింది. చిలకలూరిపేట దాటేసరికి ఇంజను బాగా వేడెక్కింది. దాంతోపాటు సంచులూ వేడెక్కాయి. ముందు నాకు ఎవరో దూరంగా తాలింపు వేస్తున్నట్టనిపించింది. కాసేపటికి ఆ తాలింపు నా కాళ్ల దగ్గరే అని తెలిసింది. మామగారు పెద్దమనిషి కనక దగ్గును ఉత్తరీయంలో దాచుకున్నారు. నేను పరువు కోసం కళ్లు తుడుచుకోలేదు. మా ఆవిడ సంగతంతా తెలిసీ కిక్కురుమనలేదు. అద్దాలు దింపమని ఆయన సైగ చేసేసరికే అద్దంకి వచ్చేసింది. పందిట్లో ఉన్నవాళ్లు మేము ముగ్గురం ఎర్రటి కళ్లతో, కారే ముక్కులతో కారు దిగడం చూశారు. సన్నాయి ఆగిపోయింది. ఒక ముసలావిడ పరుగున వచ్చి మామగారి చేయి పట్టుకుని, ఎవరు పోయారు నాయనా అని తనూ ఏడవడం మొదలుపెట్టింది. ఆయన గొంతు పెగలక తల అడ్డంగా ఊపారు. దాన్ని ఆవిడ ఇంకోలా అర్థం చేసుకుంది.

అంతా సర్దుకున్నాక ఆయన కార్లో కాళ్ల కింది చాప ఎత్తి చూసి, సంచుల్ని వేలితో తాకి నా వైపు తిరిగారు. "ఈ పని ఎవరు చేశారండీ అల్లుడుగారూ?" అన్నారు. చుట్టూ బంధువులు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. "పెదకాకానిలో ఒక మెకానికండీ. నేను వద్దన్నా వినకుండా కుక్కాడు." అలాంటివాడి గడప తొక్కకూడదన్నారాయన. నేను తలూపాను.

ఆ తర్వాత మిర్చి సీజనంతా నేను పెదకాకాని వైపు వెళ్లలేదు. ఎక్కడికెళ్లాలన్నా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ కొన్నాళ్లు చూసింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఆ రోడ్డు మీకేం అపకారం చేసింది?" అని అడిగింది. నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. "ఆ రోజు మా నాన్న ముందు మీ పరువు పోకూడదని నోరు మూసుకున్నాను. అప్పట్నించీ నాకు నిద్ర సరిగా లేదు" అంది. మర్నాడే అద్దంకి వెళ్లి మామగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఉత్తరీయం భుజాన వేసుకుని, ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు, పదండి అని లేచారు.

మేము వెళ్లేసరికి భాయ్ ఒక ఆటో కింద పడుకుని ఉన్నాడు. షెడ్డులో ఇంకో బండి లేదు. నేను నిలబడే అంతా చెప్పాను. అతను బయటికొచ్చి కూర్చుని, నా మొహంలోకి చూశాడు.

"సంచులు పరిచేటప్పుడే తుమ్మొచ్చింది బాబూ. ఉతికానన్నావు గదా, నాకే జలుబు చేసిందేమో అనుకున్నా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత అతను కాస్త తటపటాయించి, "ఇంతకీ ఇంజను ఎట్లా లాగింది?" అని అడిగాడు. మూడు వారాల కష్టానికి ఆ ఒక్క కబురు కోసం అన్ని నెలలు ఎదురుచూశాడని అప్పుడు తెలిసింది. మామగారే బదులిచ్చారు. "మాకు అద్దంకి దాకా ఊపిరాడలేదు గాని, నీ ఇంజనుకి మాత్రం ఆయాసమన్నది లేదయ్యా" అన్నారు. భాయ్ మొహం విప్పారింది. బండి ఏ గేరులో ఎలా పోయిందో గుచ్చి గుచ్చి అడిగాడు. అత్తారింట్లో కూతురెలా ఉందో అడిగే తండ్రిలా విన్నాడు. ఆ సాయంత్రం నుంచి మామగారి లారీ ఒకటి అతని షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. రెండోదాని మరమ్మతులు అప్పటికే చిలకలూరిపేటలో ఇంకొకరికి ఒప్పజెప్పేశారు. వాళ్ల పొట్ట కొట్టడం న్యాయం కాదన్నారు. నా ఒక్క మాటవల్ల భాయ్‌కి దక్కకుండా పోయిన ఆ రెండో లారీని నేనెప్పటికీ తెచ్చి ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు నాది మామూలు కారు. ఎప్పుడు సర్వీసుకి ఇచ్చినా, అక్కడి ఇంజనీరు అడక్కముందే నా నేరాలన్నీ ఒప్పుకుంటాను. గుంతలో దింపింది నేనే, ఆయిలు చూడకుండా నెల తిప్పింది నేనే, ఆ గీత పడింది గేటు తప్పు కాదు, నాదే అని వరసగా చెప్తాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సార్, ఇవన్నీ మేము రాసుకోనక్కర్లేదండీ అంటారు. రాసుకోండి పర్వాలేదు అంటాను.