లామినేషన్ వేసిన సర్టిఫికెట్‌తో నాగర్‌కర్నూల్ దాకా

వచ్చింది! మా హుసేనమ్మకు నాగర్‌కర్నూల్‌లో మోటారు వైండింగ్ శిక్షణకు సీటు వచ్చింది! ముప్పై నాలుగేళ్ల బిడ్డ, చిన్నప్పుడు బడి మొహం చూడనిది, నా బిడ్డ! ఎంతమందికి చెప్పినా తనివి తీరడం లేదు. నేను ఐదో తరగతి దాకా చదివి, దూది పరుపులు కుట్టుకుంటూ అరవై తొమ్మిదేళ్లకు వచ్చినవాణ్ణి. నేను కాగితం మీద రాస్తే, గద్వాలలో జిరాక్స్, నెట్ సెంటర్ నడిపే మా మేనల్లుడు ఖాసిం తన బ్లాగులో ఎక్కిస్తున్నాడు. ఇదే పని మీద వనపర్తి, నాగర్‌కర్నూల్ తిరగాల్సినవాళ్లు మన దిక్కు చాలామంది ఉంటారు. వాళ్ల కోసం టైములతో సహా రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్లామో చెప్పాలి. మా అల్లుడు పూనాలో కట్టడం మీద నుంచి పడి రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు. స్పాంజి పరుపులు వచ్చాక నా పని అడిగేవాళ్లు లేరు. ఇల్లు హుసేనమ్మ మీద పడింది. మా వాడలో పెద్దలకు చదువు చెప్పే కేంద్రం ఒకటి ఉంది, దాన్ని నడిపేవాళ్లను ప్రేరక్ అంటారు. రెండేళ్లు అక్కడ సాయంత్రాలు కూర్చుని చదివింది, సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. ఈ వేసవిలో ఆ ప్రేరకమ్మ ఇంటికి వచ్చి, "తాతా, మన దిక్కు బోరు మోటార్లు దినాం కాలుతనే ఉంటయి, వాటికి మళ్లీ రాగితీగ చుట్టేటోళ్లు లేరు. ఏ తావుల ఏ పనికి చేతులు కావాల్నో చూసి, మన కేంద్రాల్ల చదివినోళ్లకే ఆ పని నేర్పాలని సర్కారు అనుకున్నదట. మన సర్టిఫికెట్ వెనకాల మా పై అధికారి సంతకం ఉంటే చాలు, ఎనిమిదో తరగతి అడగరు" అని చెప్పింది. ఆ మాట మాకు అందేసరికి దరఖాస్తుకు ఆఖరు రోజు రానే వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల నాగర్‌కర్నూల్‌లో ఇవ్వాలి.

ఆ శుక్రవారం ఉదయం ఆరుంబావుకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాం. మనిషికి ఇరవై ఎనిమిది రూపాయలు. బస్టాండు నిండా మూటలు, గిన్నెలు, చంకల్లో నిద్రపోతున్న పిల్లలు. పూనా పోయే కూలీల గుంపు అది. మా అల్లుడు పోయింది కూడా అక్కడి నుంచే. హుసేనమ్మ అటు చూడలేదు. ఒళ్లో సర్టిఫికెట్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి వంతెన మీదికి రాగానే కింద ఏట్లోకి చూశాను. నీళ్ల కంటే బండలే ఎక్కువగా ఉన్నాయి. పక్కనున్నాయన ఒడ్డున గుడిలోని హనుమంతుడికి మొక్కి నీళ్లలోకి చిల్లర విసిరాడు. నేనూ అల్లా పేరు తలుచుకుని ఒక రూపాయి విసిరాను. కండక్టరు నవ్వి, "ఏందె పెద్దాయనా, నువ్వు సుత ఏస్తివి?" అన్నాడు. "ఏటికి అందరం ఒకటే గద నాయనా" అన్నాను. పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేసరికి ఎనిమిదిన్నర.

సంతకం చేయాల్సిన ఆ పై అధికారి, గద్వాల కేంద్రాలను కూడా చూసే పర్యవేక్షకుడు, ఆ వారం వనపర్తిలో ఉన్నాడు. పదిన్నరకు ఆఫీసుకు వచ్చాడు. మంచివాడే. సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. పెన్ను పెట్టి గీశాడు. పడలేదు.

"ఇదేంది, దీనికి ప్లాస్టిక్ ఎవరు ఏసిండ్రు?"

నేనే వేయించాను. బిడ్డ మొదటి సర్టిఫికెట్, వానకు తడవొద్దు, చెదలు తినొద్దు అని మా ఖాసిం దుకాణంలో రెండు వైపులా గట్టిగా లామినేషన్ చేయించి ఇంట్లో గోడకు కొట్టాను. వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఆ సంతోషమే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

"సంతకం యాడ చేయాలె? సీల్ యాడ కొట్టాలె? కాగితం దొరుకుతలేదు గద పెద్దాయనా."

బయటికి వచ్చి టీ బండి దగ్గర ఒక బ్లేడు అడిగి తీసుకుని మూల లేపాను. ప్లాస్టిక్‌తో పాటు అచ్చు కూడా లేచింది. ఊరి పేరులో సగం పోయింది. హుసేనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాయనా, ఆపు. మిగిలిందన్న ఉండనీ" అంది. తిట్టినా బాగుండేది.

ఇదంతా ఒక ఆమె మెట్ల మీద కూర్చుని చూస్తోంది. అమరచింత నుంచి వచ్చిందట, పేరు పద్మమ్మ, మా బిడ్డ ఈడుదే. ఆమెదీ ఇదే పని. "పెద్దనాయనా, ప్లాస్టిక్‌తోటి కొట్లాట ఎందుకు? సారును వేరే కాగితం మీద రాసియ్యమను. సర్టిఫికెట్ నంబరేసి, గీమె మా కేంద్రంలనే చదివిందని రాసి సీల్ కొడితే అయిపాయె. నీకాడ పేరున్న కాగితమన్న ఉన్నది, నాకాడ అదీ లేదు" అంది. మరి నీ సర్టిఫికెట్ ఏదమ్మా అని అడిగాను.

"మా ప్రేరక్ రాములు సారుకు నెలలసంది జీతం రాలె. చూసిండు, చూసిండు, మాకు సర్టిఫికెట్లు ఇయ్యకముందే పెండ్లాం పిల్లల్ని ఏసుకొని బొంబాయికి కూలికి పోయిండు. రిజిస్టరు ఆయన ఇంట్ల ఉన్నది, ఇంటికి తాళం ఉన్నది, తాళంచెవి ఆయన మొలతాడుకు ఉన్నది. నా చదువు ఆ ఇంట్ల పండుకున్నది" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చదువు చెప్పినవాడే వలస పోతే ఇక చదివినవాళ్ల గతేమిటి?

ముగ్గురం లోపలికి వెళ్లాం. పర్యవేక్షకుడు కాసేపు ఆలోచించి హుసేనమ్మకు తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి సీల్ కొట్టాడు. పద్మమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. "రిజిస్టరు చూడకుండ నేను రాస్తే నా కొలువు పోతది తల్లీ. తాళం పగలగొట్టే అధికారం నాకు లేదు. రాములుకు కబురు చేయున్రి" అన్నాడు. "బొంబాయిల యాడని చేయాలె సారు?" అని పద్మమ్మ అడిగితే ఆయన సీల్ తీసి సొరుగులో పెట్టేశాడు. అయినా పద్మమ్మ ఇంటికి పోలేదు. "చార్జీలు పెట్టుకొని ఇంతదూరం వస్తిని, ఆ మోటార్లన్న చూసి పోత" అని మాతోపాటే బస్సెక్కింది.

వనపర్తిలో పన్నెండుంబావు బస్సు, గోపాల్‌పేట మీదుగా, ఇరవై రెండు రూపాయలు. దారి పొడవునా ఎండిన చేలు, వాటి మధ్య బోరు పైపులు. రెండు గంటలకు నాగర్‌కర్నూల్‌లో దిగాం. శిక్షణ కేంద్రం బస్టాండు నుంచి పావుగంట నడక. గుమస్తా మా కాగితాలు చూసి, "ఎనిమిదో తరగతి మెమో ఏది? గీ వయోజన విద్య మా లిస్టుల లేదు" అన్నాడు. పెద్దల చదువు చూసే ఆఫీసు వాళ్లు ఒప్పుకున్న సంగతి పని నేర్పే ఆఫీసులో ఈయనకు చేరనే లేదు. పైన ఎవరో ఇద్దరు కలిసి కూర్చుని మంచి ఆలోచనే చేశారు. కింద మాత్రం ఒక బల్ల మాట ఇంకో బల్లకు తెలియదు. హుసేనమ్మ ప్రేరకమ్మ ఇచ్చిన ఉత్తర్వు నకలు తీసి, వేలు పెట్టి ఆ వరుస తనే పైకి చదివింది. తడబడ్డ చోట మళ్లీ మొదటి నుంచి చదివింది. గుమస్తా లేచి లోపలి నుంచి పని నేర్పే సారును పిలుచుకొచ్చాడు.

ఆయన చేతులకు నల్లటి వార్నిష్. కాగితాలు చదివి, "సీటు ఒక్కటే మిగిలింది. చదువు రాకుంటే కరెంటు పనిల పానం పోతది, నేను ఊకోను" అని కాలిపోయిన ఒక మోటారు దగ్గరికి తీసుకుపోయాడు. దానికి కట్టిన చీటీ చదవమన్నాడు. హుసేనమ్మ వంగి కూడబలుక్కుంటూ చదివింది: "ఐదు హార్స్‌పవర్. రెండోసారి కాలింది. చేను ఎండుతుంది. గురువారం లోపల ఇయ్యాలె." పక్కనున్న ఇంకో చీటీని ఎవరూ అడగకుండానే పద్మమ్మ గడగడా చదివేసింది. కింద రాసిన రిపేరు ఖర్చు లెక్కలో తప్పు ఉందని కూడా చూపించింది. ఆయన ఆ లెక్క మళ్లీ వేసి చూసుకుని ఆమె వైపు తిరిగాడు.

"నీ కాగితం ఏదమ్మా?"

"లేదు సారు."

"నువ్వు చదివినవ్, నేను విన్న. కానీ నా చెవుల మీద సీల్ కొట్టి పంపలేను గద."

"పోనియ్ సారు. ఆ లెక్క మాత్రం సరిజేయిన్రి, రైతు మునుగుతడు" అంది పద్మమ్మ.

మూడున్నరకు హుసేనమ్మ రిజిస్టరులో సంతకం పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె చేతులు పట్టుకుని అక్కడే ముద్దు పెట్టుకున్నాను. పద్మమ్మ ముందు అలా చేసి ఉండకూడదని తర్వాత అనిపించింది. ఆమె మాత్రం హుసేనమ్మ భుజం చరిచి, "మా ఊరి మోటార్లు కాలినప్పుడు నీ కాడికే పంపుత, జర తక్కువ తీసుకో అక్కా" అంది. నాలుగున్నర బస్సులో మళ్లీ వనపర్తి. అక్కడ విడిపోయేటప్పుడు చెప్పింది, సోమవారం ఆమె మొగుడి గుంపు పూనా పోతోందట, ఇక తనూ పోతుందట. మేము ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది.

సంతోషంగానే ఉన్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి? మా ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధైర్యం వచ్చింది. కానీ బాగా చదివినామెకు పలుగు, తట్ట దక్కాయి. పోతూ పోతూ మాకు దారి చూపింది కూడా ఆమే. పెద్దలకు చదువు చెప్పాలి, చదివినవాళ్లకు పని నేర్పాలి అన్న మాట సరైనదే. ఆ రెంటి మధ్య నిలబడే మనిషికి నెల నెలా జీతం ఇవ్వకపోతే ఆ మాట బొంబాయి రైలెక్కిపోతుంది. ఇదే పని మీద నాగర్‌కర్నూల్ పోయేవాళ్లకు ఒక్కటే చెబుతాను: సర్టిఫికెట్‌కు లామినేషన్ వేయించకండి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. నేను ఈ వాక్యం రాస్తుంటే చూసి మా ఖాసిం తల దించుకున్నాడు, వాడి తప్పేం లేదు.

ఇక కబురు చెప్పాల్సినవాళ్లు. పెబ్బేరులో మా చెల్లెలు మాబమ్మకు ఫోన్ చేయాలి. అలంపూర్‌లో హుసేనమ్మ అత్తకు ఫోన్ కాదు, మనిషిగా పోయి చెప్పాలి, "ఆడమనిషికి మోటార్లేంది" అంటే అక్కడే కూర్చుని నచ్చజెప్పాలి. కర్నూలులో మా అన్న చెవిటివాడు, ఆయనకు ఉత్తరం, అది హుసేనమ్మే రాస్తుంది. పూనాలో కూలికి పోయిన మా చిన్న కొడుక్కి వాళ్ల మేస్త్రీ ఫోనులో. చుట్టం కాకపోయినా ఇంకొకాయనకు చెప్పాలి: అమరచింత రాములు, చదువు చెప్పే సారు, బొంబాయిలో ఏ మేస్త్రీ కింద ఉన్నాడో తెలియదు. ఎవరికైనా కనబడితే ఆ తాళంచెవి పంపమనండి.