ఎడగారుకు సున్నా

కొడవలూరు దగ్గర పొలాలకు నీళ్లు పంచే నీరుగంటి మస్తానయ్య ఒకే వారంలో రెండుసార్లు వంతు తప్పాడు. ఒకరి మడికి పోవాల్సిన నీళ్లు ఇంకొకరి మడికి పెట్టాడు. రైతులు తిట్టారు. తిట్లకు ఆయన బెదరలేదు. అన్న జయరామయ్య గుర్తొచ్చి బెదిరాడు.

జయరామయ్య అల్జీమర్స్‌తో పోయాడు. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు దాటే చోట్లు ఒక్కొక్కటే పోతున్నాయని అప్పట్లో డాక్టరు చెబితే, ఇంట్లో అర్థమైంది మస్తానయ్యకొక్కడికే. కాలవలో నీళ్లున్నాయి, మడి నుంచి మడికి అవి దాటే మడవలు పూడిపోతున్నాయి. గట్టు మీది మడవ అయితే పారతో తీసేవాడే. చివరికి అన్న, కట్టుకున్న భార్యను పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు.

అందుకే కొడుకు పెంచలకృష్ణ నెల్లూరు ఆసుపత్రికి పదమంటే మారుమాట లేకుండా బయల్దేరాడు. అక్కడ, వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టరమ్మాయి మతిమరుపు పరీక్ష కాగితం పట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు ఏ నెల తాతగారూ?"

"రోహిణి కార్తె గదా పాపా."

"తేదీ?"

"అమాస పోయి నాలుగో దినం."

"పోనీ, ఏ కాలం?"

"ఎడగారు."

లేని మాటలు పుట్టించడం కూడా జబ్బు లక్షణమేనని చదువుకుంది కాబోలు, మూడింటికీ సున్నాలు చుట్టింది. ఊళ్లో వాళ్ల లెక్కలు అలాంటి కాగితాల్లోకి ఎప్పుడెక్కాయి గనక! సున్నా ఎటునుంచి చూసినా సున్నాయే. ఎదురుగా కూర్చున్న మస్తానయ్యకు మూడూ కనబడ్డాయి.

లోపల పెద్ద డాక్టరు ఇందిరమ్మ కాగితం చూసి ఫక్కున నవ్వారు.

"మాదీ ఈ పక్కనే, వెంకటాచలం పాపా. వేసవిలో వేసే వరిని మేము ఎడగారనే అంటాం. కాలమడిగితే పంటతో సహా చెప్పినాడు, నువ్వు సున్నా వేసినావు."

అన్నీ మళ్లీ ఆమే అడిగారు. రక్తం తీయించారు, స్కానింగు రాశారు. వారం తర్వాత అన్నీ చూసి చెప్పారు.

"బి12 బాగా పడిపోయింది పెద్దాయనా. మతిమరుపు దానివల్లే. సూదులు వేయించుకో, తగ్గుద్ది."

"మా అన్న జబ్బు కాదా తల్లీ?"

"ఇప్పుడైతే ఆ గుర్తుల్లేవు. ఎప్పటికీ రాదని రాసియ్యలేను. ఏడాదికోసారి కనబడు."

పెంచలకృష్ణ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. "ఏందిరా, నీకా సూది?" అంటూ మస్తానయ్య చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు.

"నొప్పెట్టుద్ది తాతా," అంది నర్సు.

"పెట్టనీమ్మా," అన్నాడు.