పత్తి గుట్టలో మా పిల్లి

రేటు పెరిగేదాకా ఉంచుదామని పత్తిని వసారాలో పోశాం. పది రోజులుగా మా పిల్లి రోజూ అందులోనే ఉచ్చ పోస్తోంది. తిట్టాను, తరిమాను, మానలేదు. ఇవాళ పొద్దున విసుగెత్తి గుట్ట చుట్టూ కారం చల్లాను. అది చూసుకోకుండా అమ్మ ఫ్యాన్ వేసింది. ఇంటిల్లిపాదీ తుమ్ముకుంటూ వీధిలో పడ్డాం. పిల్లి గోడెక్కి మమ్మల్నే చూసింది.

పక్కింటి మస్తానమ్మ గారు ఒకటే నవ్వు. “అది రోజూ ఉచ్చ పోసే ఇసుకకుప్ప ఎత్తేసి అక్కడే పత్తి పోస్తిరి. ఇంకెక్కడికి పోద్దయ్యా?”

నిజమే! పాత బేసిన్‌లో ఇసుక పోసి మూలన పెట్టాను. మధ్యాహ్నానికల్లా పిల్లి అందులోకే వెళ్లింది.

నాకే కాలు నిలవడం లేదు. ఏ చప్పుడైనా గుట్ట దగ్గరికి పరిగెడుతున్నాను. ఇది రాస్తూనే నాలుగుసార్లు లేచాను. పిల్లికి ఒక్క పూటలో అలవాటు మారింది. నాకు మాన్పించే ఉపాయం ఎవరికైనా తెలుసా?