మా బాపు దగ్గు

మొన్న కోరుట్లలో ఛాతీ డాక్టరు నా ఊపిరి గొట్టాల బొమ్మ చూపిస్తూ, ఏళ్ల తరబడి దుమ్మూ పొగా తగిలితే లోపలి పొర వాచి మందమవుతుందనీ, తెమడ చేసే గ్రంథులు ఉబ్బుతాయనీ, చెత్తను పైకి తోసే సన్నని నూగు రాలిపోయి ఇక ఆ పని దగ్గే చేయాల్సి వస్తుందనీ, పొగ మానితే దగ్గు తగ్గుతుందిగానీ ఆ పొర పూర్తిగా మునుపటిలా కాదనీ చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆయన కంగారుపడ్డాడు. నాకేమో సిరిసిల్లలో మా బాపు గుర్తొచ్చాడు.

బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. పత్తి దుమ్ము చాలదన్నట్టు బీడీలొకటి. అవి నక్సలైట్ అన్నలకూ పోలీసులకూ పోరు నడిచిన రోజులు, చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పొద్దుగూకితే తలుపులన్నీ మూతపడేవి, పేరు పెట్టి పిలిచినా తీయడానికి భయం. బాపుకు మాత్రం తలుపు కొట్టే అవసరమే రాలేదు. గల్లీ మొదట్లో ఆయన దగ్గు వినగానే ఆయన తల్లి, మా బాపమ్మ, గడియ తీసేది.

దగ్గు ముదిరితే జగిత్యాలలో మా మేనత్త బలవంతాన తన దగ్గర ఉంచుకొని, దవాఖానలో చూపించి, బీడీలు మాన్పించింది. కొన్నాళ్లకు ఓ సాయంత్రం బాపు చెప్పాపెట్టకుండా తిరిగొచ్చాడు. దగ్గు లేదు. గొంతులో గరగర కూడా పోయి పడుచువాడి గొంతైంది. తలుపు చప్పుడుకు తోడు బాపు పేరు చెబుతున్న ఆ కొత్త గొంతు విని మేం బిక్కచచ్చిపోయాం. బాపు దారిలో ఎవరి చేతికో చిక్కాడనీ, వాళ్లే ఇప్పుడు ఇంటి మీదికొచ్చారనీ అనుకొని నేను అమ్మ కొంగు చాటున దాక్కున్నాను.

బాపమ్మ తలుపుకు వీపానించి గట్టిగా అడిగింది.

"పేరు ఎవ్వడన్న చెప్తడు. నువ్వు నా కొడుకువే అయితే, ఏదీ, ఓపారి దగ్గు!"

బాపు దగ్గబోయాడు, రాలేదు. మళ్లీ ప్రయత్నిస్తే మేక తుమ్మినట్టు ఏదో వచ్చింది.

"గిది నా కొడుకు దగ్గు కాదు, పో!"

బాపుకు నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ, లోపల మిగిలిన తెమడ కదిలి, అసలు సిసలు దగ్గు గల్లీ అంతా మోగింది. బాపమ్మ గడియ తీసి కొడుకును కొడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఇరుగుపొరుగు తలుపులూ తెరుచుకున్నాయి. అంత సంతోషం నేను ఏ పండుగకూ ఎరగను.

ఇప్పుడా భయాలు లేవు, మంచిదే. ఇక్కడ కోరుట్లలో నేను వాకిట్లో కూర్చొని దగ్గితే పక్కింటివాళ్లు కిటికీ మూసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, రోగాల కాలం. మా గల్లీలో మాత్రం దగ్గు వింటే తలుపు తీసేవారు.