ఆక్సిజన్ సిలిండరుకు నువ్వుల నూనె

మొన్న ఆదివారం ఉదయం పప్పు పొయ్యి మీద పెట్టి చింతపండు నానేస్తుండగా, ఊరికి ఆ చివర హూడిలో ఉండే మా అల్లుడు నా ఫోనుకు ఒక ఫోటో పంపించాడు. అందులో నిలువెత్తు సిలిండరు ఒకటి, తళతళలాడే వెండి రంగుతో, వాళ్లు కారు నిలిపే చోట గోడకు ఆనించి ఉంది. కంప్యూటరు ఉద్యోగం చేసుకునే ఆ మనిషికి ఈ మధ్య వీడియోలు చూసి చూసి వెల్డింగు సరదా పట్టుకుంది. పాత సామాన్ల అంగడిలో దాన్ని కొన్నాడట, లోపల ఏ గ్యాసుందో అమ్మినవాడికే తెలియదట. ఇది ఆక్సిజనేనా, ఎక్కడ నింపుతారు అని నన్నడుగుతున్నాడు, యలహంకలో గ్యాసు వెల్డింగు షెడ్డు పక్కన ముప్పై ఏళ్లు కాపురం చేసినదాన్ని కనక. ఆ వెండి రంగు చూడగానే చింతపండు గిన్నె పక్కకు తోశాను. వెంటనే ఫోను చేసి, దాన్ని ముట్టుకున్నావా నాయనా అంటే, తాపీగా చెప్పాడు.

“వాల్వ్ బాగా టైట్‌గా ఉంది అత్తయ్యా, తిరగట్లేదు. కొంచెం ఆయిల్ వేశాను. పది నిమిషాలాగి మళ్లీ ట్రై చేస్తా.”

చెయ్యి వెయ్యొద్దు, దాని దగ్గర నిలబడొద్దు, అమ్మాయిని కూడా అటు రానివ్వొద్దు, నేను వస్తున్నాను అని చెప్పి, ఉడికీ ఉడకని పప్పు దించేసి ఆటో ఎక్కాను. ఆదివారమైనా దారి పొడుగునా బండ్లే. నిలిచిన చోటల్లా ఫోను చేసి, దూరంగానే ఉన్నావా అని అడుగుతూనే ఉన్నాను. ఆరేళ్ల క్రితం పోయిన మా ఆయన, అంతకు చాలా ముందే కన్నుమూసిన మా మామ, ఇద్దరూ ఆ ఆటోలో నా పక్కనే కూర్చున్నట్టుంది.

నాకప్పుడు పెళ్లయి మూడు నెలలు. చింతామణి పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని, రోలు, మోటరు తప్ప యంత్రమంటే ఎరగను. ఇంటిని ఆనుకున్న రేకుల షెడ్డులో మామా మా ఆయనా గేట్లు, కిటికీలు చేసేవారు, పంపుసెట్ల పైపులు అతికేవారు. పొడుగ్గా నల్లగా ఉండేది ఆక్సిజన్ సిలిండరని, పొట్టిగా లావుగా మెరూన్ రంగులో ఉండేది అసిటిలీనని మామే నాకు చెప్పాడు. కానీ గ్యాసు డిపో నుంచి నిండు సిలిండరు వచ్చినప్పుడు ఆయన మాత్రం రంగును చూసి ఊరుకునేవాడు కాదు. దాని భుజం మీద గుద్దిన గ్యాసు పేరు అక్షరాలను వేలితో తడిమి, పైకి చదివి, అప్పుడే లోపలికి దించనిచ్చేవాడు. ఇంకో అలవాటు ఉండేది. దోసె తిన్నా, తల దువ్వుకున్నా, కుంకుడుకాయతో చేతులు కడుక్కుని, ఆరిన గుడ్డతో తుడుచుకుని గానీ ఆక్సిజన్ సిలిండరును తాకేవాడు కాదు. అదేదో మడి అనుకున్నాను నేను! ఆ సిలిండరు ఈ ఇంటికి దేవుడితో సమానం కాబోలని నాలో నేనే దానికో భక్తి కల్పించుకున్నాను.

అంతలో ఆయుధపూజ వచ్చింది. మగవాళ్లిద్దరూ పూలకూ బూడిద గుమ్మడికాయకూ సంతకు పోయిన పూట, కొత్త కోడలి పనితనం చూపించాలని, గేటుకు వెయ్యగా మిగిలిన వెండి రంగు రెండు సిలిండర్లకూ పూసేశాను. అది ఆరాక, పుట్టింట్లో రోటికీ కొడవలికీ చేసినట్టే, మెడ చుట్టూ, తిప్పే చోట కూడా నువ్వుల నూనె బాగా పట్టించి, నూనెలో కలిపిన కుంకుమతో బొట్లు పెట్టి, పైన బంతిపూల దండలు వేశాను. తిరిగి వచ్చి చూసి మా ఆయన నవ్వాడు. మామ ముఖం చిన్నబోయింది, పండగపూట కోడల్ని అనడం ఇష్టంలేక ఊరుకున్నాడు. దండల కింద నూనె ఇద్దరికీ కనపడలేదు.

మర్నాడు విజయదశమి, మంచిరోజని తెల్లవారగానే పని మొదలుపెట్టారు. ఒకాయన విరిగిన పైపుతో వచ్చి కూర్చున్నాడు. మా ఆయన హడావుడిగా దండ తీసి, రెగ్యులేటరు బిగించి, వాల్వు తిప్పే కీ తగిలించాడు. అదే సమయానికి మామ కొలిమి పక్కనుంచి వచ్చి, రంగు కింద అక్షరాలు పాడయ్యాయేమోనని పాత అణా బిళ్లతో గీకబోయాడు. వేలు జారింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ మనిషి గొంతు అలా మారడం నేనెన్నడూ వినలేదు.

“తిప్పద్దప్పా! చెయ్యి తియ్యి. నూనె ఉండాది.”

ఒత్తిడి మీద ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదని, దానంతటదే మండుతుందని, అలాగే ఒకతని ముఖం కాలిపోవడం తన కళ్లతో చూశానని ఆయన కొడుకుతో చెబుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. నా చేతులు ఇంకా నువ్వుల నూనె వాసన కొడుతున్నాయి. మూడు నెలల పెళ్లి, ఇంకొక్క తిప్పు తిరిగుంటే! చేతులు కొంగుతో తుడుచుకుంటూ గడప దాకా వచ్చాను. మామ నన్ను చూశాడు, నా చేతులు చూశాడు.

“పోయి చేతులు కడుక్కోమ్మా” అన్నాడు, అంతే.

సిలిండరును ఆయనే డిపోకు తీసుకుపోయాడు. తనకన్నా చిన్నవాడైన యజమాని పదిమంది ముందు, ఈ పాడుపని చేసిందెవరని నిలదీశాడట. ముసలితనం, బుద్ధి లేక నేనే పూసినా సామీ అని మామ తలొంచుకుని నిలబడ్డాడట. వెంట వెళ్లిన మా ఆయన ఎన్నో ఏళ్లకు గానీ ఈ మాట నాతో చెప్పలేదు, అప్పటికి మామ లేడు. ఆ ఏడాది తర్వాత, తానున్నన్నాళ్లూ, ప్రతి ఆయుధపూజకూ పొడి కుంకుమ పొడి వేలితో అద్ది, సిలిండరు నడుం మీద మాత్రం బొట్టు పెట్టేవాడు మామ, నన్ను పక్కన నిలబెట్టుకుని.

హూడి చేరేసరికి అల్లుడు వీధిలో నిలబడి ఉన్నాడు, మాట విన్నందుకు వందసార్లు దండం పెట్టుకున్నాను. కళ్లద్దాలు సర్దుకుని సిలిండరు భుజం చూస్తే, అక్షరాలుండాల్సిన చోటు నున్నగా అరగదీసి ఉంది. లోపల ఏముందో ఆ దేవుడికే తెలియాలి. మా పాత డిపోకు ఫోను చేసి బతిమాలితే బండి పంపుతామన్నారు. వాళ్లు వచ్చేలోపు అల్లుడు తెల్లబోయిన ముఖంతో, నూనె వేసింది నేనని తెలిస్తే ఏమంటారో అని మెల్లిగా అన్నాడు. ఏమీ అనరులే, నేనున్నానుగా అన్నాను. చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను, నేనే పూసినాను నాయనా, ముసలిదాన్ని, తెలియక చేశాను అని.

వచ్చిన మనిషి చేతులకు తొడుగులు వేసుకుని వాల్వు చూశాడు, ఫోటో తీశాడు, ఎర్ర టేపు చుట్టాడు, సిలిండరును బండిలో నిలువుగా కట్టేశాడు. మా అల్లుడి ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి, నొక్కుకుని వెళ్లిపోయాడు. తప్పేమీ చేయలేదు పాపం, పని జాగ్రత్తగానే చేశాడు. కానీ నూనె పూసిందెవరని ఒక్కమాట అడగలేదు. ఇప్పుడెవరూ అడగరేమో. మామ నాకోసం పదిమందిలో తలొంచుకుని అన్న ఆ మాట, ఒక్కసారైనా నా నోటితో ఇంకొకరికోసం అందామనుకున్నాను. అడిగేవాళ్లు లేక అది నాతోనే యలహంకకు తిరిగొచ్చింది.