వేట నిషేధంలో మా మావ కారు

ఈ సంగతి నేనే రాసిపెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మా కుటుంబంలో దీన్ని ఇప్పటికే ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు. మా మావ చెప్పే కథలో నేను ఆయన కారును నిలువునా పాడుచేశాను. మా అత్త చెప్పే కథలో నేను అసలు లేనే లేను. కారూ, ఆవిడ తెలివితేటలూ మాత్రమే ఉంటాయి. మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర ఎవరో కొత్త చుట్టం నన్ను తేరిపార చూసి, "కారుని ఉప్పులో ఊరేసినోడు ఈయనేనేటి?" అని పక్కవాణ్ణి అడిగాడు. అయ్యా, ఊరవెయ్యలేదు. ఎండిన సరుకును అందులో భద్రపరిచాం. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇక్కడ పెడుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తున్నప్పుడు, అచ్చులో ఉన్నదంతా నిజమనీ, అట్ట గట్టిగా ఉంటే మరికాస్త నిజమనీ నమ్మేవాణ్ణి. డిగ్రీ రెండో ఏడాదిలో నేనూ కాలేజీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. భావనపాడులో మా మావ ఇంట్లో ఉంటూ, వారానికి నాలుగు రోజులు ఆటో ఎక్కి టెక్కలి గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడి బీరువాలను ఎడమ నుంచి కుడికి, పై అర నుంచి కింది అరకు, ఏదీ వదలకుండా చదవాలని నా సంకల్పం. అందువల్ల కోళ్ల పెంపకం అయ్యాక ఖగోళశాస్త్రం, ఖగోళశాస్త్రం అయ్యాక మూలవ్యాధి చికిత్స చదివాను. (ఆ మూడింటిలో ఏది ఎవరికి ఎప్పుడు చెప్పాలో తెలియక కొన్ని స్నేహాలు పోగొట్టుకున్నాను. అది వేరే సంగతి.) గ్రంథాలయం మాస్టారు మాత్రం నన్ను చూసి మురిసిపోయేవారు. ఆయన దగ్గరికి పుస్తకం కోసం వచ్చేది నేనే. మిగతావాళ్లు పేపరు కోసమూ, ఫ్యాను కోసమూ వచ్చేవారు.

మా మావ ఒడ్డున పడవల దగ్గర చేపలు కొని పైకి పంపే వ్యాపారి. చదువంటే ఆయనకు గౌరవమే గానీ, అది ఎవరింట్లోనో ఉన్నప్పుడు. ఆ ఏడు ఏప్రిల్ మొదటి వారంలో, ఆయన సెకండ్‌హ్యాండులో కొనుక్కున్న తెల్ల కారుకు బీమా కట్టాడు. కట్టిన మర్నాటి నుంచీ మొదలుపెట్టాడు. "ఏప్రిల్ పదేను నుంచి జూన్ పద్నాలుగు దాకా ఏట నేదు. పడవలు ఒడ్డు మీదుంటాయి, నేను మంచం మీదుంటాను, బండి గుమ్మంలో ఉంటాది. తిరగని బండికి బీమా ఏటిరా? కూకున్న మడిసికి బస్సు టిక్కెట్టు కొట్టినట్టు!"

సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఆ అరవై ఒక్క రోజులు మోటారు పడవలను వేటకు వెళ్లనివ్వరు. వేట లేకపోతే వ్యాపారం లేదు. వ్యాపారం లేకపోతే మావ కారెక్కి వెళ్లాల్సిన చోటూ లేదు. ఆయన గొణుగుడు వింటూ వింటూ లేచి నిలబడ్డాను. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందే, మూడో బీరువా నాలుగో అరలో, మోటారు బీమా మీద ఒక పాత పుస్తకం చదివి ఉన్నాను. బండిని షెడ్డులో పెట్టి, వరసగా రెండు నెలలకు తగ్గకుండా కదపకుండా ఉంచి, ఆ సంగతి ముందుగా కంపెనీకి రాసి తెలియజేస్తే, అన్నాళ్లూ బీమాను నిలిపి ఉంచుతారట. దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ మాత్రం రక్షణ ఉంటుంది. మిగిలిన భాగాన్ని వచ్చే ఏడు తగ్గిస్తారు. రెండు నెలలు! వేట నిషేధం సరిగ్గా రెండు నెలలు! ఆ పుస్తకం రాసినాయన మా ఊరి సముద్రాన్ని చూసే రాశాడనిపించింది.

మావకు చెప్పాను. ఆయన, "పుస్తకంలో ఉన్నాదా?" అన్నాడు.

"ఉన్నాది మావా. గట్టి అట్ట."

"అయితే ఒక మాట. ఇది జరిగితే నువ్వు గ్రంథాలయానికి ఎల్తన్నావో, ఎక్కడికెల్తన్నావో నేనడగను. జరగనేదనుకో, జూన్ పదేను తెల్లారగట్ల నాలుగు గంటలకి ఒడ్డుకొచ్చి కాటా పట్టుకోవాల. రోజూ. జీవితాంతం."

ఒడ్డున చేపలు తూచే కాటా పట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. నాలుగు గంటలకు మొదలైతే మధ్యాహ్నం దాకా వదలరు. తర్వాత నిద్ర. గ్రంథాలయం మూసేవేళకు మెలకువ. ఐదో బీరువా నుంచి ఉన్నవన్నీ ఎవరు చదువుతారు? ఒప్పుకున్నాను.

శ్రీకాకుళంలోని బీమా ఆఫీసుకు రిజిస్టర్డు పోస్టులో ఒక ఉత్తరం పంపాను. అందులో 'మహాశయా' అనే మాట నాలుగుసార్లు, సముద్రజీవుల సంతానోత్పత్తి గురించి ఒక పేరా ఉన్నాయి. తర్వాత మావనూ తీసుకుని స్వయంగా వెళ్లాను. అక్కడ విజయనగరం నుంచి రోజూ వచ్చిపోయే ఒక మేడమ్‌గారు నా ఉత్తరాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే లోపలికి కేక వేసి మిగతావాళ్లను కూడా పిలిచారు. బీమా నిలిపి ఉంచమని అడిగిన మనిషిని వాళ్లు చూడటం అదే మొదటిసారట. ఒకాయన నాకు టీ కూడా చెప్పించాడు.

"రూలు మా కంపెనీలో ఇంకా ఉందండీ," అన్నారు మేడమ్‌గారు. "మేమే మరిచిపోయాం. కానీ షరతులు కూడా ఉన్నాయి. బండి షెడ్డులో, తాళంలో ఉండాలి. మీటరు అంకె ఫొటో ఇప్పుడు ఇవ్వాలి. నేను చెప్పకుండా వచ్చి చూస్తాను. ఒక్క రోజు రోడ్డెక్కినా లెక్క పోతుంది. ఆపైన బీమా లేని బండి అయిపోతుంది, గుర్తుంచుకోండి."

"రోడ్డెక్కదమ్మా," అన్నాడు మావ. "పడవకే నేని తిరుగుడు దానికెందుకు?"

మాకు షెడ్డు లేదు. ఉన్నది అత్త ఎండుచేపల పాక. అందులో సగం ఖాళీ చేసి కారును తోసి, మీటరు ఫొటో తీసి, తలుపుకు తాళం వేశాం. బీమా నిలిచింది. మొదటి వారంలో సందేహాలన్నీ తీర్చింది నేనే. కారు తుడిస్తే కదిపినట్టా? కాదు. హారను కొడితే? కదలిక లేదు కనుక కాదు. రెండో వారంలో అత్త అడిగింది: "ఒరే అల్లుడా, పాకలోకి పిల్లులు దూరతన్నాయి. మావ బండికి అద్దాలున్నాయి గదా. నెత్తళ్ల గంపలు అందులో ఎడితే ఏటవుతాది?"

నేను వెంటనే జవాబివ్వలేదు. చదువుకున్నవాడు వెంటనే జవాబివ్వకూడదు. టెక్కలి వెళ్లి, పుస్తకం మళ్లీ తీసి, 'వాడుక' అనే మాటకు అర్థం చూసి వచ్చాను. బండి వాడుక అంటే రోడ్డు మీద నడపటం. సరుకు దాచడం బండి వాడుక కాదు, బీరువా వాడుక. ఆ తీర్పు చెప్పగానే అత్త ఆ ఎండు చిరుచేపల గంపలు వెనక సీటులో నాలుగు, డిక్కీలో మూడు, ముందు సీట్ల మీద చెరొకటి పెట్టింది. చోటు చాలక ఒక చిన్న చేట డాష్‌బోర్డు మీద కూడా ఎక్కించింది. వేట లేని రోజుల్లో ఎండుచేపకు మంచి గిరాకీ. సరుకంతా అత్తదే. పిల్లి ఒక్క నెత్తల్ని కూడా ముట్టలేదు. పాక రేకుల మీద మే నెల ఎండ తన పని తాను చేసింది. ఆ వాసనను గురించి రాయడానికి నేను చదివిన బీరువాలు చాలవు.

జూన్ పన్నెండున, ఇక రెండు రోజులే ఉందనగా, మేడమ్‌గారు స్కూటీ మీద దిగారు. పాక తాళం తీశాం. ఆవిడ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "మీటరు చూపించండి," అన్నారు. డ్రైవరు సీటు మీద గంప తీసి, నేను తాళం తిప్పాను. ఏమీ లేదు. మళ్లీ తిప్పాను. మీటరు నల్లగా చచ్చి ఉంది.

నా పుస్తకంలోని బొమ్మలో కారుకు ముందు, తిప్పి స్టార్టు చేసే హ్యాండిలు ఉంటుంది. అలాంటి కార్లకు మీటరులో అంకెలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. ఈ కారు అంకె కనబడాలంటే బ్యాటరీ ఉండాలనీ, రెండు నెలలు వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుందనీ ఆ పుస్తకానికి తెలియదు. కాబట్టి నాకూ తెలియదు.

"తోసి స్టార్టు సేత్తే?" అన్నాడు మావ.

"తోస్తే రోడ్డు మీదకొస్తాదండీ," అన్నారు మేడమ్‌గారు, తనకు తెలియకుండానే మా యాసలోకి జారిపోయి. "అప్పుడిక ఏమీ రాయలేను."

నా కళ్ల ముందు కాటా కనబడింది. నాలుగు గంటల చలిగాలి కూడా తగిలింది. అప్పుడు అత్త, "ఓలమ్మో, ఒడ్డు మీద అన్ని పడవలు పడుకోనున్నాయి. అయ్యేటి, బేటరీలు నేకుండా తిరుగుతాయేటి? ఎల్లరా, బేగెల్లు!" అని నన్ను తరిమింది. పక్కింటి పడవలో దీపాల బ్యాటరీ ఉంది. పడవాయన ఇసకలో మోసుకొచ్చి, రెండు తీగలు తగిలించాడు. మేడమ్‌గారు డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్లజోడు సరిచేసుకుని, మీటరు మీదికి వంగారు. నేను తాళం తిప్పాను.

మీటరు వెలిగింది. దాంతో పాటు ఫ్యాను కూడా, నాలుగో నంబరులో, గట్టిగా అరుస్తూ లేచింది. డాష్‌బోర్డు మీద చేటలో ఉన్న నెత్తళ్లూ, రెండు నెలల నెత్తళ్ల పొడీ, పొలుసూ అన్నీ ఒక్కసారి గాలిలోకి లేచి మేడమ్‌గారి మొహాన పడ్డాయి. ఆవిడ కళ్లజోడుకు చెరోవైపు ఒక్కో నెత్తలు వేలాడుతోంది. ఎవరూ ఊపిరి తియ్యలేదు. (తియ్యగలిగే పరిస్థితి కూడా లేదు.)

"ఫ్యాను ఎవులు తిప్పేసారు?" అంది అత్త.

మావ పాక కప్పు వైపు చూస్తున్నాడు. అప్పుడు బయటపడింది. మొదటి వారంలో, ఎండ భరించలేక, మావ రోజూ మధ్యాహ్నం మాకు తెలియకుండా మారుతాళంతో పాకలో దూరి, కారులో కూర్చుని, ఫ్యాను పెట్టుకుని పాటలు వినేవాడు. ఒక రోజు అన్నీ వాటంతటవే ఆగిపోయాయి. తనవల్లే పాడైందన్న భయంతో, ఏ మీటా ఆపకుండా, చప్పుడు లేకుండా బయటికొచ్చేసి ఏడు వారాలు నోరు మెదపలేదు.

మేడమ్‌గారు ఏడుసార్లు తుమ్మారు. తర్వాత అంకె చదివారు. నా ఫొటోలో ఉన్న అంకే. కాగితం మీద 'బండి కదలలేదు' అని రాసి సంతకం పెట్టి, "వాసన మాత్రం చాలా దూరం వెళ్లిందండీ," అన్నారు. ఆ మాట కాగితంలో రాయలేదు. బయలుదేరేముందు కళ్లజోడు మీది నెత్తల్ని చేతిలోకి తీసుకుని చూసి, "సరుకు బాగుంది. ఇంటికి ఒక కిలో ఇస్తారా?" అన్నారు. అత్త ఊరికే ఇస్తానంది. అది లంచమవుతుందని నేను అడ్డుపడ్డాను. బజారు ధరే తీసుకున్నాం.

వచ్చే ఏడుకు బీమా తగ్గింపు ఖాయమైంది. అంత డబ్బూ శ్రీకాకుళం నుంచి పిలిపించిన కారు కడిగేవాడికి ముందే ఇచ్చేశాం. అతను పాకలోనే మూడుసార్లు కడిగి, నాలుగోసారి పిలవొద్దని బతిమాలాడు. పధ్నాలుగో తేదీ సాయంత్రం మావ అరుగు మీద కూర్చుని, "వచ్చేదంతా కడగడానికే పోనాది. అంటే జరగనేదన్నట్టే. పొద్దున్న నాలుగ్గంటలకి లే," అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అత్త బయటికొచ్చింది. "బీమా వాడు తగ్గించాడా నేదా? బేటరీని సంపింది ఎవులు? పిల్లులపాలు కాకుండా నా సరుకు మిగిల్చింది ఎవులు? అల్లుడు గెలిసాడు. నువ్వు ఓడావు. మరి మాటాడకు."

మావ అరుగు దిగి చెప్పులు వేసుకున్నాడు. "సరే, ఎల్లు. ఎన్ని బీరువాలున్నాయో అన్నీ సదువు," అన్నాడు. "కానీ ఒరే, సదివింది ఏదీ నాకు సెప్పకు."

నెల తిరక్కుండానే ఒక పొద్దున నా పక్కన కూర్చుని, ఎటో చూస్తూ, "మోకాళ్ల నొప్పికి మీ బీరువాల్లో ఏటైనా ఉన్నాదేటిరా?" అని అడిగాడు. ఆరో బీరువాలో ఉందని చెప్పాను.

ఇప్పుడు నాకూ ఒక కారు ఉంది. ఊరు వెళ్లినప్పుడల్లా ఫోనులో ఒక మీట నొక్కి దాని బీమాను నిలిపేస్తాను, వచ్చాక మళ్లీ నొక్కుతాను. ఎవరూ టీ ఇప్పించరు. ఈ కథ నిలబడటానికి సాయపడిన వాళ్లందరికీ ఇక్కడే నమస్కారాలు. గట్టి అట్టల గ్రంథాలయం మాస్టారికి, ఏడు తుమ్ముల మేడమ్‌గారికి, బ్యాటరీ మోసుకొచ్చిన పక్కింటి పడవాయనకు, కారును మూడుసార్లు కడిగిన శ్రీకాకుళం తమ్ముడికి, నాకు ఐదో బీరువా నుంచి చివరిదాకా చదువుకునే జీవితాన్ని ఇప్పించిన మా అత్తకు, ఓడిపోయి కూడా మాట నిలబెట్టుకున్న మా మావకు. చివరగా, 'వాడుక' అన్న మాటకు అర్థం చూడటానికి మండుటెండలో టెక్కలి దాకా పోయి వచ్చిన ఆ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి. అంత నమ్మకంగా నేను మళ్లీ ఏ పుస్తకాన్నీ తెరవలేదు.